లండన్‌కి కుటుంబంతో మారుతున్నారా? ఏరియా ఎలా ఎంచుకోవాలి

"హారో బాగుంటుందా, ఈస్ట్ హామ్ బాగుంటుందా?" లండన్ ఉద్యోగం ఆఫర్ చేతికొచ్చిన మనవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఇదే. పిల్లల వయసెంతో, ఆఫీసు ఏ స్టేషన్ దగ్గరో తెలియకుండా దీనికి జవాబు చెప్పడం కుదరదు. ఒకరికి స్వర్గంలా ఉన్న ఏరియా ఇంకొకరికి రోజూ రెండున్నర గంటల రైలు ప్రయాణం అవుతుంది.

ఒంటరిగా వచ్చేవాళ్లు ఎక్కడున్నా నెట్టుకొస్తారు. పిల్లలతో వచ్చేవాళ్లు మాత్రం ముందు బడి సీటు, తర్వాత రోజూ తిరిగే దారి, ఆ తర్వాతే ఇల్లు చూసుకోవాలి. చాలామంది ఈ వరసని తిరగేస్తారు. ముందు ఫొటోల్లో నచ్చిన ఇల్లు పట్టేస్తారు, దిగాక బడి కోసం వెతుకుతారు. అక్కడ తల ప్రాణం తోకకొస్తుంది. లండన్‌లో ఇల్లు మారడం ఒక వారాంతం పని. కుదురుకున్న పిల్లని బడి మాన్పించి ఇంకో బడిలో వేయడం అంత తేలిక కాదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పిల్లల పుట్టిన తేదీలు, పాస్‌పోర్టులు, టీకాల రికార్డు, పాత బడి రిపోర్టు
- ఆఫీసు పోస్ట్‌కోడ్, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి వెళ్లాలో (మేనేజర్‌ని అడిగి ఖాయం చేసుకోండి, హెచ్‌ఆర్ మాట ఒక్కోసారి వేరుగా ఉంటుంది)
- పన్నులు పోగా నెలకి చేతికొచ్చే మొత్తం
- ఆఫర్ లెటర్, ఈ-వీసా ఖాతా వివరాలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు
- దిగిన మొదటి నాలుగైదు వారాలకి తాత్కాలిక బస. కంపెనీ ఇస్తే సరే, ఇవ్వకపోతే మీరే బుక్ చేసుకోండి
- ఒక ఎక్సెల్ షీటు. ఏరియాకి ఒక వరస

తాత్కాలిక బస దండగ ఖర్చనిపిస్తుంది. కానీ ఇండియాలో కూర్చుని ఇల్లు ఖాయం చేసుకోవడం కంటే అది చవక. ఆఫీసుకి వెళ్లేవాళ్లు ముందు ఒక్కరే వచ్చి, ఇల్లు, బడి చూసుకున్నాక కుటుంబాన్ని రప్పించుకునే వీలుంటే ఇంకా మంచిది. అలా ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్‌లో (స్థానిక కౌన్సిల్‌కి కట్టే ఇంటి పన్ను) 25 శాతం తగ్గింపు కూడా ఉంటుంది. అడగాలి, దానంతటదే రాదు.

1. పిల్లలు ఏ ఇయర్‌లోకి వస్తారో తేల్చుకోండి

ఇంగ్లండ్‌లో తరగతి వయసుని బట్టే. ఇండియాలో ఏ క్లాసు చదివారన్నది చూడరు. సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పుట్టినవాళ్లంతా ఒక బ్యాచ్. ఆగస్టు 31 నాటికి 4 ఏళ్లు నిండితే ఆ సెప్టెంబర్‌లో రిసెప్షన్ (బడిలో మొదటి తరగతి), 5 నిండితే ఇయర్ 1, 8 నిండితే ఇయర్ 4, 11 నిండితే ఇయర్ 7. ఇయర్ 6 దాకా ప్రైమరీ, 7 నుంచి సెకండరీ.

ఏరియా వెతికే తీరు దీన్ని బట్టే మారుతుంది.

3, 4 ఏళ్ల పిల్లలుంటే నర్సరీ దగ్గరగా ఉండాలి. మూడో పుట్టినరోజు తర్వాత వచ్చే టర్మ్ నుంచి ఏడాదిలో 38 వారాలు, వారానికి 15 గంటలు ఇంగ్లండ్‌లో అందరికీ ఉచితం. మన వీసాల మీద ఉన్నవాళ్లకి కూడా వస్తుంది. మిగతా గంటలకి నర్సరీ ఫీజు భారీగానే ఉంటుంది.

ప్రైమరీ పిల్లలుంటే బడి నడిచి వెళ్లే దూరంలో ఉండాల్సిందే. సెకండరీ పిల్లలు బస్సులో వాళ్లే వెళ్లొస్తారు కాబట్టి కొంచెం వెసులుబాటు ఉంటుంది. ఇయర్ 4, 5 పిల్లలున్నవాళ్లు మాత్రం జాగ్రత్త. రెండు మూడేళ్లలో సెకండరీ వచ్చి పడుతుంది, అప్పుడు మళ్లీ ఇల్లు మారే పని పెట్టుకోకూడదు. ప్రైమరీ, సెకండరీ రెండూ బాగున్న చోటే చూడండి.

2. ఆఫీసు నుంచి వెనక్కి గీసుకుంటూ రండి

ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వాళ్ల జర్నీ ప్లానర్‌లో ఆఫీసు పోస్ట్‌కోడ్ పెట్టి, మంగళవారమో బుధవారమో ఉదయం 9కి చేరాలని అడగండి. ఆదివారం మధ్యాహ్నం చూసిన టైము పనికిరాదు. స్టేషన్ నుంచి స్టేషన్‌కి కాకుండా, గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కేయండి. వారానికి ఐదు రోజులు వెళ్లాలంటే 50 నిమిషాలు దాటకూడదు, రెండు రోజులైతే గంటా పదిహేను దాకా భరించవచ్చు. ఇది నా లెక్క, మీ ఓపికని బట్టి సవరించుకోండి.

ఆఫీసు కానరీ వార్ఫ్‌లో ఉందనుకుందాం. ఇల్ఫర్డ్ నుంచి ఎలిజబెత్ లైన్ ఎక్కితే వైట్‌చాపెల్‌లో దిగి, అబ్బీ వుడ్ వైపు వెళ్లే రైలు మారాలి. లైను అక్కడ రెండుగా చీలుతుంది. ఈస్ట్ హామ్ నుంచైతే వెస్ట్ హామ్‌లో జూబిలీ లైనుకి మారాలి. రెండూ తేలికైన దారులే. హారో నుంచి మెట్రోపాలిటన్ లైన్ ఎక్కి ఫించ్లీ రోడ్‌లో జూబిలీకి మారవచ్చు, దూరమైనా ప్లాట్‌ఫాం ఎదురుగానే రైలు మారిపోతారు. హౌన్‌స్లో నుంచి మాత్రం పికడిలీ లైనులో గ్రీన్ పార్క్ దాకా వచ్చి అక్కడ మారాలి, గంటకు పైనే పడుతుంది. అదే ఆఫీసు హీత్రో వైపు ఉంటే లెక్క తారుమారై హౌన్‌స్లో, హేస్, స్లౌ ముందుకొస్తాయి.

క్రోయిడన్, సట్టన్‌లకి ట్యూబ్ (లండన్ మెట్రో) లేదని తోసిపుచ్చకండి. ఈస్ట్ క్రోయిడన్ నుంచి లండన్ బ్రిడ్జికి, విక్టోరియాకి రైళ్లు గబగబా వెళ్తాయి. ఆఫీసు ఆ పక్కనైతే ట్యూబ్ ఏరియాల కంటే ఇదే త్వరగా చేరుస్తుంది.

ఒకే లైను మీద బతుకు పెట్టుకోకండి. ఆ లైను ఆగిపోయిన రోజు ఇంకో దారి, కనీసం ఒక బస్సు ఉండాలి. సమ్మెలు, సిగ్నల్ ఫెయిల్యూర్లు ఇక్కడ మామూలే.

ఈ అడుగు పూర్తయ్యేసరికి మీ షీటులో ఐదారు స్టేషన్ల పేర్లు మిగలాలి. ఇరవై మిగిలితే మీరు గట్టిగా వడకట్టలేదన్నమాట.

3. బడి సంగతి తేల్చండి

ఎక్కువ టైము దీని మీదే పెట్టండి.

లండన్‌లో 32 బరోలు (సొంత కౌన్సిల్ ఉన్న స్థానిక ప్రాంతాలు), వాటికి తోడు సిటీ ఆఫ్ లండన్ ఉన్నాయి. ప్రభుత్వ బడులు ఉచితం. డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలకీ హక్కు ఉంది. ప్రైమరీ పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం కూడా ఉచితమే, లండన్ మేయర్ ఈ పథకాన్ని 2023 సెప్టెంబర్‌లో మొదలుపెట్టారు. శాకాహారం ఉంటుంది.

సీటు ఎలా వస్తుందో తెలుసుకోండి. రిసెప్షన్‌కి జనవరి 15, ఇయర్ 7కి అంతకు ముందు ఏడాది అక్టోబర్ 31 ఆఖరి తేదీలు. దరఖాస్తు మీరు ఉంటున్న బరో కౌన్సిల్‌కి పెట్టాలి. సీట్ల కేటాయింపు రిసెప్షన్‌కి ఏప్రిల్ 16న, ఇయర్ 7కి మార్చి 1న తెలుస్తుంది. మధ్యలో దిగేవాళ్లది వేరే దారి. దాన్ని ఇన్-ఇయర్ అడ్మిషన్ అంటారు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు చాలామంది ఈ దారిలోనే వెళ్తారు. ఇందులో మీకు నచ్చిన బడి దొరకదు, ఖాళీ ఉన్న బడి దొరుకుతుంది. రిసెప్షన్, ఇయర్ 1, 2 తరగతుల్లో 30 మందికి మించకూడదని చట్టమే ఉంది, కాబట్టి బతిమాలినా 31వ సీటు పుట్టదు.

అందుకని ఇలా చేయండి.

క) షీటులో ఉన్న ఒక్కో స్టేషన్ చుట్టూ నడిచి వెళ్లగల బడులన్నీ రాసుకోండి.

ఖ) ప్రతి బడి ఆఫీసుకీ ఫోన్ చేసి, "ఇయర్ 3లో ఖాళీ ఉందా? వెయిటింగ్ లిస్టులో ఎంతమంది ఉన్నారు?" అని అడగండి. మర్యాదగా చెప్తారు. ఇండియా నుంచి కూడా చేయవచ్చు. లండన్ టైము ఉదయం పదింటి తర్వాత చేయండి, ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య వాళ్లకి ఊపిరి ఆడదు.

గ) కౌన్సిల్ వెబ్‌సైట్‌లో గత ఏడాది సీట్లు ఎంత దూరం దాకా వెళ్లాయో ఇస్తారు. 0.35 మైళ్లు అని ఉంటే సుమారు 560 మీటర్లు. చాలా కౌన్సిళ్లు దీన్ని మ్యాపు మీద సరళరేఖలో కొలుస్తాయి, కొన్ని నడక దారిని కొలుస్తాయి. ఏది కొలుస్తారో చదివి, మీ ఇంటి నుంచి కొలిచి చూసుకోండి. గత ఏడాది దూరం ఈ ఏడాదికి హామీ కాదు, అందుకే అంచు మీద ఉన్న ఇల్లు తీసుకోకండి.

ఘ) చర్చి బడుల విషయంలో జాగ్రత్త. మంచి పేరున్న బడుల్లో చాలా చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్లవో, కాథలిక్కులవో ఉంటాయి. అడ్మిషన్ పాలసీలో చర్చికి క్రమం తప్పకుండా వచ్చేవాళ్లకే ముందు అని రాసి ఉంటే, ఎదురింట్లో ఉన్నా మీకు సీటు రాకపోవచ్చు. కొన్నింట్లో దూరం లెక్కన కూడా కొన్ని సీట్లు ఇస్తారు. పాలసీ కాగితం పూర్తిగా చదవండి.

ఙ) వెయిటింగ్ లిస్టు ముందొచ్చినవాళ్లకి ముందు అన్న పద్ధతిలో నడవదు. దూరం, అన్నదమ్ములు అదే బడిలో ఉండటం లాంటి నియమాల ప్రకారం నడుస్తుంది. కాబట్టి బడి పక్క వీధిలోకి మారితే మీరు లిస్టులో పైకి ఎక్కుతారు. అలాగే ఇంకా దగ్గరివాళ్లు వస్తే మీరు కిందికి జారతారు.

ఆఫ్‌స్టెడ్ (బడుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) రిపోర్టుల గురించి ఒక మాట. బడి గోడ మీద "అవుట్‌స్టాండింగ్" అని బ్యానర్ కనిపిస్తే తేదీ చూడండి. 2012 నుంచి 2020 దాకా ఆ గ్రేడు వచ్చిన బడులకి మామూలు తనిఖీలు లేవు. ఒకే మాటలో మార్కు ఇచ్చే పద్ధతిని 2024 సెప్టెంబర్‌లో ఆపేశారు, 2025 నవంబర్ నుంచి విభాగాలవారీగా రిపోర్ట్ కార్డు ఇస్తున్నారు. నా ఉద్దేశంలో పాత "అవుట్‌స్టాండింగ్" కంటే ఈ మధ్య తనిఖీలో మంచి రిపోర్టు తెచ్చుకుని, మీ పిల్లకి ఖాళీ ఉన్న బడే మేలు. రిపోర్టులో ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే పిల్లల గురించి ఏం రాశారో వెతకండి.

ఇంకో మంచి విషయం. ఇన్నర్ లండన్‌లో ప్రైమరీ పిల్లల సంఖ్య కొన్నేళ్లుగా తగ్గుతోంది. హ్యాక్నీ, లాంబెత్, సదార్క్ లాంటి బరోల్లో కొన్ని బడులు మూసేశారు కూడా. అంటే మనవాళ్లు సాధారణంగా చూడని ఈ బరోల్లో సీట్లు తేలిగ్గా దొరుకుతాయి. అయితే చేర్చే ముందు ఆ బడిని మూసే ఆలోచన ఉందేమో కౌన్సిల్ సైటులో చూడండి.

గ్రామర్ స్కూళ్ల (ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకునే ప్రభుత్వ సెకండరీ బడులు) కోసమే సట్టన్, కింగ్‌స్టన్, బార్నెట్, రెడ్‌బ్రిడ్జ్, లేదా లండన్ దాటి స్లౌ ఎంచుకునేవాళ్లున్నారు. పరీక్ష ఇయర్ 6 మొదట్లో, సెప్టెంబర్ ప్రాంతంలో ఉంటుంది. రిజిస్ట్రేషన్ అంతకు ముందే అయిపోతుంది. పరీక్షకి వచ్చేవాళ్లు చాలామంది, సీట్లు కొన్నే. ఆ ఒక్క ఆశ మీద ఏరియా ఎంచుకోకండి. గ్రామర్ రాకపోయినా చేర్చడానికి మీకు ఇష్టమైన మామూలు సెకండరీ అక్కడుందా అని చూడండి. లేకపోతే ఆ ఏరియా వదిలేయండి.

4. మూడుంబావు పరీక్ష

ఇండియాలో స్కూలు బస్సు ఇంటి ముందు ఆగుతుంది, తాతయ్యో అమ్మమ్మో ఉంటారు. ఇక్కడ ప్రైమరీ బడి దాదాపు మూడుంబావుకి వదిలేస్తుంది. టీచర్ గుమ్మంలో నిలబడి, తీసుకెళ్లడానికి వచ్చిన పెద్దవాళ్ల మొహం చూసి ఒక్కో పిల్లనీ అప్పగిస్తారు. ఇయర్ 5, 6 పిల్లల్ని తల్లిదండ్రులు రాసిస్తేనే ఒంటరిగా పంపుతారు.

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే ఆ మూడుంబావుకి గేటు దగ్గర ఎవరుంటారు? ఈ ప్రశ్నకి జవాబు లేని ఏరియా ఎంత బాగున్నా కొట్టేయండి. దారులు మూడు. మీలో ఒకరు ఆ టైముకి ఇంట్లో ఉండటం. బడిలోనే ఉదయం బ్రేక్‌ఫాస్ట్ క్లబ్, సాయంత్రం ఆఫ్టర్ స్కూల్ క్లబ్. లేదంటే ఆఫ్‌స్టెడ్‌లో రిజిస్టర్ అయిన చైల్డ్‌మైండర్ (తమ ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లు). క్లబ్బులు కాగితం మీద చాలా బడుల్లో ఉంటాయి, కానీ సీట్లు తరచుగా నిండిపోయి ఉంటాయి. బడికి ఫోన్ చేసినప్పుడే క్లబ్‌లో ఖాళీ కూడా అడగండి.

ఇద్దరు పిల్లలకి రెండు వేర్వేరు బడుల్లో సీట్లు వస్తే? ఇన్-ఇయర్‌లో ఇది తరచుగా జరుగుతుంది. రెండింటి మధ్య పది నిమిషాల నడక దాటితే ఉదయాలు యుద్ధమే. పెద్ద పిల్లకి ఒక బడిలో చోటు దొరికాక, చిన్నదాన్ని అదే బడి వెయిటింగ్ లిస్టులో పెట్టించండి. తోబుట్టువుకి ప్రాధాన్యం ఉంటుంది.

5. మనవాళ్లు ఎక్కడుంటే అక్కడేనా?

తెలుగువాళ్లు ఎక్కువగా కనిపించేది ఈస్ట్ హామ్, ఇల్ఫర్డ్, హారో, హౌన్‌స్లో, క్రోయిడన్ వైపు, లండన్ దాటితే స్లౌ, రెడింగ్. గోంగూర, కరివేపాకు, ఇడ్లీ రవ్వ నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. గుడి దగ్గర. ఈస్ట్ హామ్‌లో మురుగన్ గుడి, మహాలక్ష్మి గుడి రెండూ ఉన్నాయి. కొత్తగా వచ్చి, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండబోయే ఇల్లాలికి ఇది చిన్న విషయం కాదు. మొదటి చలికాలంలో మాట్లాడే మనిషి లేకపోతే ఎంత మంచి ఇల్లయినా జైలులా ఉంటుంది. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

అయినా, ఇదొక్కటే చూసి ఏరియా ఖాయం చేయకండి. కిరాణా సామాను వారానికోసారి తెచ్చుకునేది, లేదా ఇంటికే తెప్పించుకునేది. బడికి రోజుకి రెండుసార్లు వెళ్లాలి. నేను చెప్పే కొలత ఇదీ: తెలుగు కుటుంబాలు, గుడి, మన సామాన్ల కొట్టు ఒకే బస్సులోనో రైల్లోనో అరగంటలో చేరేలా ఉంటే చాలు. పక్క వీధిలోనే ఉండాలన్న పట్టుదల వద్దు.

వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే సలహాలకీ ఒక వడపోత పెట్టండి. "మా ఏరియా సూపర్" అన్నవాళ్లని, మీ పిల్లల వయసు పిల్లలు వాళ్లకి ఉన్నారా అని అడగండి. లేకపోతే వాళ్ల మాట కొట్ల గురించి నమ్మండి, బడి గురించి కాదు.

6. కంప్యూటర్ ముందు చేసే పని

షీటులో ఇప్పుడు రెండు మూడు ఏరియాలే మిగిలి ఉంటాయి. ఒక్కోదానికి ఇవి చూడండి, ఒక సాయంత్రం చాలు.

- పోలీస్ డాట్ యూకే సైటులో వీధులవారీగా నేరాల మ్యాపు. స్టేషను, షాపింగ్ వీధి దగ్గర అంకెలు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి, అక్కడికి వచ్చిపోయే జనం ఎక్కువ కాబట్టి. మీ ఇల్లుండే వీధిని, ఇంకో ఏరియాలో అలాంటి వీధితోనే పోల్చండి.
- కౌన్సిల్ ట్యాక్స్. ఇది అద్దెకున్నవాళ్లే కట్టాలి. ఒకే బ్యాండు (ఇంటి విలువని బట్టి పెట్టిన పన్ను తరగతి) ఇంటికి వాండ్స్‌వర్త్‌లో కట్టేదానికి రెట్టింపు పైనే క్రోయిడన్, కింగ్‌స్టన్‌లలో కట్టాలి. అద్దెలో వంద పౌండ్లు మిగిలాయని సంబరపడి ఇక్కడ పోగొట్టుకోకండి.
- ప్రభుత్వ సైటులో వరద ముప్పు, ఆఫ్‌కామ్ సైటులో బ్రాడ్‌బ్యాండ్ వేగం.
- కారు కొంటారా? యూలెజ్ (ఎక్కువ పొగ వదిలే పాత బండ్ల మీద వేసే రుసుము) 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నింటికీ వర్తిస్తోంది. నియమాలకి సరిపోని పాత డీజిల్ కారైతే నడిపిన ప్రతి రోజుకీ కట్టాలి. వీధిలో పార్కింగ్ పర్మిట్ ఉందో లేదో కూడా అడగండి.

7. కాలినడకన చూడండి

ఏజెంట్ ఇల్లు చూపించేది పది పదిహేను నిమిషాలు. ఏరియాని మీరే చూసుకోవాలి, అదీ మూడు వేర్వేరు వేళల్లో.

బడి రోజు ఉదయం ఎనిమిదిన్నరకి గేటు ఎదురుగా పేవ్‌మెంట్ మీద నిలబడండి. పిల్లలు నడిచి వస్తున్నారా, కార్లలో దింపుతున్నారా? తల్లిదండ్రులు ఒకరినొకరు పలకరించుకుంటున్నారా? గేటు దగ్గర హెడ్ టీచర్ నిలబడి పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారా? బడి తీరు వెబ్‌సైట్ కంటే ఈ పావుగంటలో ఎక్కువ తెలుస్తుంది. దూరంగా నిలబడి చూడండి, ఫోన్ జేబులో పెట్టుకోండి. పిల్లల ఫొటోలు తీయకండి.

రాత్రి తొమ్మిది తర్వాత స్టేషన్ నుంచి ఇంటి దాకా నడవండి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. అంటే చలికాలంలో మీ ఇంటి దారి ఎక్కువగా చీకట్లోనే. దీపాలు సరిగా ఉన్నాయా, మధ్యలో పార్కు దాటాలా, ఆ పార్కు గేటు రాత్రికి మూసేస్తారా అన్నవి చూడండి. ఫోన్ చేతిలో పట్టుకుని నడవకండి, లండన్‌లో ఫోన్లు లాక్కుపోవడం బాగా ఎక్కువ.

శనివారం మధ్యాహ్నం పార్కులో కాసేపు కూర్చోండి. ఊయలలు, జారుడుబల్లలు పాడుకాకుండా ఉంటే, పిల్లలు ఆడుతూ ఉంటే ఆ ఏరియాలో కుటుంబాలు ఉన్నాయని అర్థం.

హౌన్‌స్లో లాంటి హీత్రో పక్క ఏరియాలైతే ఇంకో పరీక్ష ఉంది. విమానాలు పడమటి దిక్కుగా దిగే రోజుల్లో, దిగే రన్‌వేని మధ్యాహ్నం మూడింటికి మారుస్తారు. మీరు ఉదయం చూసినప్పుడు నిశ్శబ్దంగా ఉన్న ఇంటి మీదే సాయంత్రం విమానాలు వరసగా దిగవచ్చు. మూడుకి ముందోసారి, తర్వాతోసారి వెళ్లండి.

ఇల్లు చూసేటప్పుడు కొత్తవాళ్లు వదిలేసేది తేమ. బీరువా పక్కకి జరిపి వెనక గోడ చూడండి, ముఖ్యంగా బయటి గోడకి ఆనుకుని ఉన్నదాన్ని. కిటికీ గట్టు మూలలు, బాత్రూం పైకప్పు చూడండి. నల్లటి చుక్కలుంటే బూజు. ఒక్క మూలలో మాత్రమే కొత్త రంగు మెరుస్తుంటే అక్కడ ఏం దాచారో అడగండి. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఇలాంటి ఇల్లు ఎంత చవకగా వచ్చినా వద్దు. ఈపీసీ రేటింగ్ (ఇల్లు కరెంటు, వేడి ఎంత ఆదా చేస్తుందో చెప్పే గ్రేడు) అడగండి. అద్దె ఇంటికి కనీసం ఇ ఉండాలని రూలు, మీరు సి లేదా అంతకంటే మంచిది చూసుకుంటే చలికాలం బిల్లు తగ్గుతుంది.

వంటగది హాల్లో కలిసిపోయి ఉంటే, పొయ్యి మీద ఫ్యాన్ గాలిని బయటికి పంపుతుందా, లోపలే తిప్పుతుందా చూడండి. లోపలే తిప్పేదైతే పోపు వేసిన ప్రతిసారీ స్మోక్ అలారం మోగుతుంది, సోఫాకి ఇంగువ వాసన పడుతుంది.

మీరు వెళ్లలేకపోతే నమ్మకమైన స్నేహితుల్ని పంపి వీడియో కాల్‌లో చూడండి. రికార్డు చేసిన వీడియో సరిపోదు, మీరు చెప్పిన చోటికి కెమెరా తిప్పాలి.

8. డబ్బు, సంతకం

అద్దె వారానికి చెప్తే నాలుగుతో గుణించకండి. 52తో గుణించి 12తో భాగించాలి. వారానికి 450 పౌండ్లంటే నెలకి 1,950. నాలుగుతో గుణిస్తే 1,800 వస్తుంది. ఈ 150 తేడాతో బడ్జెట్ తప్పేవాళ్లు చాలామంది.

ఏజెంట్లు సాధారణంగా ఏడాది జీతం నెల అద్దెకి 30 రెట్లు ఉండాలంటారు. 1,950 అద్దెకి 58,500 పౌండ్లన్నమాట. ఇద్దరి జీతాలు కలిపి చూపవచ్చు.

ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపుంటే డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు. దాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టాలి. ఇల్లు పట్టి ఉంచడానికి తీసుకునే అడ్వాన్సు ఒక వారం అద్దె మించకూడదు. రిఫరెన్స్ ఫీజు, అగ్రిమెంట్ ఫీజు అని అడిగితే ఇవ్వకండి, 2019 జూన్ 1 నుంచి ఇంగ్లండ్‌లో అవి నిషేధం.

2026 మే 1 నుంచి కొత్త అద్దె చట్టం ప్రకారం, ఒక నెలకు మించి అద్దె ముందుగా అడగకూడదు. ప్రకటించిన అద్దె కంటే ఎక్కువకి వేలంపాట పెట్టకూడదు. పిల్లలున్నారని ఇల్లు నిరాకరించకూడదు. మీరు రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయవచ్చు. ఇదివరకు క్రెడిట్ హిస్టరీ లేని మనవాళ్లు ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టి ఇల్లు సంపాదించేవాళ్లు, ఆ దారి ఇప్పుడు లేదు. దానికి బదులు కంపెనీ లెటర్, యూకేలో ఉన్న గ్యారంటర్‌ని (మీరు అద్దె కట్టకపోతే కడతానని హామీ ఇచ్చే మనిషి) సిద్ధంగా ఉంచుకోండి.

హెచ్చరిక: ఇల్లు చూడకముందే, అగ్రిమెంట్ రాకముందే డబ్బు పంపమన్న ఓనర్‌కి పైసా ఇవ్వకండి. "నేను విదేశంలో ఉన్నాను, తాళాలు కొరియర్ చేస్తాను" అంటే అది మోసమే. ఏజెంటు ఏ రిడ్రెస్ స్కీములో (ఏజెంట్ల మీద ఫిర్యాదులు తీర్చే వ్యవస్థ) సభ్యులో అడగండి, అది చట్టప్రకారం తప్పనిసరి.

తరచుగా జరిగే పొరపాట్లు

బడి కోసం కొన్నాళ్లు దగ్గరి చిరునామా చూపించి, అసలు ఇంకో చోట ఉండటం. కౌన్సిళ్లు కౌన్సిల్ ట్యాక్స్ రికార్డులతో సరిచూస్తాయి. పట్టుబడితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకుంటారు. పిల్లల విషయంలో ఈ సాహసం చేయకండి.

దూరపు బడి ఇచ్చారని చేర్చకుండా ఇంట్లో కూర్చోబెట్టడం. చేర్చండి, దగ్గరి బడి వెయిటింగ్ లిస్టులో పేరు అలాగే ఉంటుంది. ఇచ్చిన బడి 8 ఏళ్ల లోపు పిల్లలకి 2 మైళ్లు, ఆపై పిల్లలకి 3 మైళ్లు దాటి ఉండి, దగ్గర్లో ఎక్కడా సీటు లేకపోతే కౌన్సిల్ రవాణా ఏర్పాటు చేయాలి. అడగండి.

మన పాత ఇంటి సైజుతో పోల్చుకుని, పెద్ద ఇల్లు కోసం ఊరి చివరికి పోవడం. అక్కడ మిగిలే గది కంటే, రోజూ రైల్లో పోయే గంట ఎక్కువ బాధ పెడుతుంది.

సరిగ్గా ఎంచుకున్నారో లేదో చూసుకోవడం

సంతకం పెట్టే ముందు, ఒక మామూలు బుధవారాన్ని కాగితం మీద రాయండి. లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఎవరు ఎక్కడ, ఏ నిమిషానికి ఉండాలో రాయండి. ఒకే మనిషి రెండు చోట్ల ఉండాల్సి వస్తే ఆ ఏరియా మీకు కుదరదు. తర్వాత అదే బుధవారాన్ని ఒక పిల్లకి జ్వరం వచ్చిందనుకుని మళ్లీ రాయండి. బడి నుంచి ఫోన్ వస్తే అరగంటలో ఎవరు చేరగలరు?

దిగిన మొదటి వారంలో జీపీ (ఏరియాలోని ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేర్లు నమోదు చేయించండి. చిరునామా రుజువు లేదన్న కారణంతో వాళ్లు కాదనకూడదు. లైబ్రరీ కార్డు తీసుకోండి, ఉచితం. పిల్లల ఆటపాటల సెషన్లు అక్కడే ఎక్కువగా జరుగుతాయి, ఇంట్లో ఉండేవాళ్లకి మొదటి స్నేహాలు అక్కడే దొరుకుతాయి.

ఆరు వారాలయ్యాక మూడు విషయాలు చూడండి. పిల్లలు బడిలో కనీసం ఒక స్నేహితుడి పేరు చెప్తున్నారా? ఉదయాలు అరుపులు లేకుండా గడుస్తున్నాయా? ఇంట్లో ఉండేవాళ్లు వారంలో ఒక్కసారైనా ఎవరితోనైనా కలిసి టీ తాగారా? బడి కుదిరి ఇల్లు కుదరకపోతే, అదే బడి చుట్టుపక్కల వేరే ఇల్లు వెతికి రెండు నెలల నోటీసు ఇవ్వండి. ఇల్లు బాగుండి బడి కుదరకపోతే తొందరపడి ఖాళీ చేయకండి. ముందు క్లాస్ టీచర్‌తో అపాయింట్‌మెంట్ తీసుకుని మాట్లాడండి, టర్మ్ చివరిదాకా చూడండి. ఈలోగా దగ్గరి బడుల వెయిటింగ్ లిస్టుల్లో మీ స్థానం ఎక్కడుందో నెలకోసారి కౌన్సిల్‌ని అడుగుతూ ఉండండి.